23 కింద 38: నీట్ జీవశాస్త్ర బోధనలో ఒక కేస్ స్టడీ

నేపథ్యం

హనుమకొండలో ఇంటి దగ్గరే చిన్న బృందాలకు నీట్ జీవశాస్త్రం చెబుతుంటాను. ఏడాదికి పది పన్నెండు మందిని మించి తీసుకోను. ఇక్కడ రాస్తున్నది 2024-25లో నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి గురించి. అతడూ అతడి తండ్రీ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, కాలేజీ, చివరికి చేరిన చోటు వదిలేశాను, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు వివరాలు మార్చాను. మార్కుల లెక్కలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. ఈ కేసు రాయాలనిపించడానికి కారణం, ఇందులో మూడు నెలలకు పైగా నేను లేని జబ్బుకు మందు వేశాను.

పదో తరగతి దాకా గోదావరి వైపు ఒక మండలంలో, ప్రభుత్వ పాఠశాలలో, తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు. ఇంటర్ బైపీసీ మాత్రం హనుమకొండలో, ఇంగ్లిష్ మాధ్యమంలో చదివాడు. ఇంటర్‌లో వెయ్యికి 950 దాటాయి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పేపర్లలో 60కి 60 దగ్గరగా వచ్చాయి. 2024 మే 5న నీట్ రాశాడు. అప్పటికి జీవశాస్త్రంలో 100 ప్రశ్నలు ఇచ్చి 90 రాయమనేవారు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు మైనస్ 1. కీతో సరిచూసుకుంటే 90లో 60 ఒప్పు, 30 తప్పు, అంటే 360కి 210. లాంగ్ టర్మ్‌లో, అంటే నీట్ మళ్లీ రాసేవాళ్ల ఏడాది కోచింగ్‌లో చేరి, జీవశాస్త్రానికి మాత్రం సెప్టెంబర్‌లో నా దగ్గరికి వచ్చాడు.

తండ్రి చెప్పింది ఒకే మాట: "సార్, పోరడు రాత్రి రెండింటి దాక సదువుతడు. గయినా మార్కులు వస్తలేవు." పిల్లవాడు చెప్పింది ఇంకొకటి: "చదివింది గుర్తుకొస్తది సార్. కానీ ఆప్షన్లు చూస్తే అన్నీ కరెక్టే అనిపిస్తయ్." ఆ రెండో మాటను ఆ రోజే పట్టించుకుని ఉంటే ఈ కేసు సగం కాగితంలో అయిపోయేది. నేను రాసుకున్నాను గానీ దాని మీద ఆలోచించలేదు.

మొదటి పరీక్ష, మొదటి అంచనా

మొదటి వారంలో నేనే ఒక 90 ప్రశ్నల పేపర్ ఇచ్చాను. 62 ఒప్పు, 28 తప్పు, ఒక్కటీ వదిలేయలేదు. 220 మార్కులు. తప్పులు అన్ని పాఠాల్లోనూ కొద్దికొద్దిగా చెదిరి ఉన్నాయి. జీవాణువులు, ఎంజైమ్‌లు, కణశ్వాసక్రియ, కిరణజన్య సంయోగక్రియ దగ్గర మాత్రం కాస్త గుమిగూడాయి.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లవాడు, ఇంటర్‌లో అంత బాగా రాసి ఇక్కడ తడబడుతున్నాడు కాబట్టి ఇది భాష సమస్యేనని తేల్చేశాను. మా ప్రాంతంలో ఈ అంచనా చాలాసార్లు నిజమవుతుంది. విషమయుగ్మజం అంటే చప్పున చెప్పే పిల్లలు హెటెరోజైగస్ అనగానే ఒక క్షణం ఆగుతారు, ఆ క్షణాలన్నీ కలిసి పావుగంట తినేస్తాయి. ఆ అనుభవం నా కళ్లకు గంతలు కట్టింది.

పదకోశంతో గడిచిన నెల

అందుకని దాదాపు 400 పదాలతో ఒక రెండు భాషల పట్టిక తయారుచేసి ఇచ్చాను. అధస్థ పదార్థానికి సబ్‌స్ట్రేట్, క్షయకరణ విభజనకు మియాసిస్, హరితరేణువుకు క్లోరోప్లాస్ట్, దారువుకు జైలం, ఇలా. రోజుకు 20 చొప్పున అప్పజెప్పించుకున్నాను. బతుకమ్మ సెలవులకు ఊరు వెళ్లేముందు పట్టిక మొత్తం అటునుంచీ ఇటునుంచీ తడుముకోకుండా చెప్పాడు. సెలవుల తర్వాత పెట్టిన పేపర్‌లో 64 ఒప్పు, 26 తప్పు. 230.

పది మార్కులు పెరిగాయి కదా అని సంతోషించదగ్గ విషయం కాదది. రెండు ప్రశ్నలు అటోఇటో అయితే వచ్చే తేడా ఏ పేపర్‌లోనైనా ఉంటుంది. నెల రోజుల శ్రమకు అది ఫలితం అనుకోవడం నన్ను నేను మభ్యపెట్టుకోవడమే. అయినా అప్పుడు నేను వేసుకున్న ప్రశ్న "అంచనా తప్పా?" అన్నది కాదు, "ఇంకా సాధన కావాలేమో" అన్నది. నవంబర్ నుంచి డిసెంబర్ మధ్య దాకా వారానికి నాలుగు పూర్తి పేపర్లు రాయించాను. లాంగ్ టర్మ్ క్యాంపస్‌లలో వారాంతపు పరీక్షలు ఎలాగూ ఉంటాయి, వాటికి ఇవి అదనం. ఆరు వారాల తర్వాత నోట్‌బుక్‌లో వరుసగా రెండు పేపర్లలో 63 ఒప్పు, 27 తప్పు అని ఉంది. 225, 225. ముఖం మాత్రం పీక్కుపోయింది.

తప్పులను విప్పి చూడడం

డిసెంబర్ మూడో వారంలో పరీక్షలన్నీ ఆపేశాను. మొదటి పేపర్, సెలవుల తర్వాతి పేపర్, చివరి రెండు, మొత్తం నాలుగింటిలో 28, 26, 27, 27 కలిపి 108 తప్పులు ఉన్నాయి. మూడు రోజులు ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ విప్పాం.

మొదట భాష అంచనాను పరీక్షకు పెట్టాను. ఆ 108 ప్రశ్నలనూ ఆప్షన్లతో సహా నేనే తెలుగులో నోటితో చదివి జవాబు అడిగాను. 14 మాత్రమే సరయ్యాయి. మిగిలిన 94 ప్రశ్నలకు తెలుగులో అడిగినా తప్పే చెప్పాడు. మూడు రోజుల పని అది. సెప్టెంబర్‌లోనే 28 తప్పులతో చేసి ఉంటే ఒక పూట పట్టేది, పదకోశం నెలా పేపర్ల ఆరు వారాలూ మిగిలేవి.

ఆ 14 ప్రశ్నలు కూడా నేను ఊహించిన రకం కాదు. వాటిలో ఏ ఒక్కటీ జీవశాస్త్ర పదం తెలియక పోయింది కాదు. ఎక్సెప్ట్, ఓన్లీ, అన్‌లెస్, బట్ నాట్ వంటి చిన్న ఇంగ్లిష్ మాటల దగ్గర పోయినవి. "కింది వాటిలో సరికానిది" అని అడిగితే సరైనది పెట్టి వచ్చాడు. నేను నెల రోజులు పెద్ద పదాలు నేర్పాను, అతడు జారిపడింది చిన్న మాటల మీద.

మొత్తం తప్పులు ఇలా విడిపోయాయి. ప్రశ్నను తప్పుగా చదవడం వల్ల 22 (పై 14 ఇందులోవే). అసలు తెలియనివి 19. తొందరలో బబుల్ మార్చి పెట్టడం, లెక్క తప్పడం వంటివి 9. మిగిలిన 58 ప్రశ్నల్లో పుస్తకంలోని వాక్యం అతడికి కంఠస్థం, కానీ ఆ వాక్యంలోని విషయానికి పక్క విషయంతో ఉన్న సంబంధం తెలియదు.

ఆ 58లో ఒకదాన్ని దగ్గరగా చూపిస్తాను. మలోనేట్, సక్సినిక్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్‌కు పోటీ నిరోధకం, అంటే సక్సినేట్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుని పని ఆపేది అన్నది ప్రతి విద్యార్థికీ తెలిసిన ఉదాహరణ. ఒక ప్రశ్నలో ఇచ్చిన వాక్యం: "మలోనేట్ నిర్మాణంలో సక్సినేట్‌ను పోలి ఉంటుంది, అందువల్ల సక్సినేట్ గాఢత పెంచినా నిరోధం తగ్గదు." ఇది తప్పు, పోటీ కాబట్టి సక్సినేట్ పెంచితే నిరోధం తగ్గుతుంది. అతడు దీన్ని సరైనదిగా గుర్తించాడు. ఎందుకని అడిగితే మలోనేట్, సక్సినేట్, పోలిక, నిరోధం, నాలుగూ పుస్తకంలో ఉన్నాయి కదా అన్నాడు. అన్నీ పరిచితమైన ముఖాలే, అందుకే అన్నీ నిజమే అనిపించాయి. సెప్టెంబర్‌లో అతడు చెప్పిన మాట అప్పుడు నాకు అర్థమైంది.

ఇంకొకటి. ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఎన్ని ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) వస్తాయో పుస్తకం పద్ధతిలోనే, అంటే ఎన్ఏడీహెచ్‌కు మూడు, ఎఫ్ఏడీహెచ్2కు రెండు చొప్పున, మెట్టు మెట్టుగా లెక్కవేయమన్నాను. గ్లైకాలసిస్‌లో నికరంగా 2 ఏటీపీ, 2 ఎన్ఏడీహెచ్, కలిపి 8 అని వేశాడు. పైరువేట్ నుంచి అసిటైల్ కోఎంజైమ్-ఏ అయ్యేచోట 3. క్రెబ్స్ వలయంలో 3 ఎన్ఏడీహెచ్‌కు 9, ఒక ఎఫ్ఏడీహెచ్2కు 2, ఒక ఏటీపీకి సమానమైన ఒక జీటీపీ, మొత్తం 12. కూడితే 23 వచ్చింది. 23 కింద ఒక గీత గీసి, దాని కింద నింపాదిగా 38 అని రాసి, కాగితం నా చేతికిచ్చాడు. పైన వేసిన లెక్కకూ కింద రాసిన జవాబుకూ పొంతన లేదన్న అనుమానం అతడికి కలగలేదు. లెక్క ఒక పని, జవాబు వేరే పని. ఇంటర్ పరీక్షలో ఈ రెండింటి మధ్య గోడ ఉన్నా 60కి 60 వస్తాయి.

ఊహించి పెట్టడం గురించి

అదే మూడు రోజుల్లో ఇంకో సంగతి బయటపడింది. చివరి రెండు పేపర్లు రాసేటప్పుడు, సందేహం ఉన్న ప్రతి ప్రశ్న పక్కనా చుక్క పెట్టమని చెప్పి ఉన్నాను. అలాంటివి 31. వాటిలో ఒప్పు 4, తప్పు 27. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1 కాబట్టి 16లో 27 పోతే మైనస్ 11.

"తెలియకపోతే వదిలెయ్" అన్న సలహా అందరూ ఇస్తారు, లెక్క ప్రకారం అది అంత సూటిగా లేదు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెట్టేవాడికి నాలుగు ప్రశ్నలకు ఒకటి సరవుతుంది, 4లో 3 పోగా 1 మిగులుతుంది. అంటే పూర్తి గుడ్డి ఊహ సగటున నష్టం చేయదు. ఐదింట్లో ఒకటి సరైనా సమానంగా ఉంటుంది. ఇతడికి 31లో 4, దాదాపు ఎనిమిదింట్లో ఒకటే. చిత్తూ బొత్తూ వేసేవాడికంటే తక్కువ వస్తున్నదంటే ఇతడు ఊహించడం లేదు, ఏదో ఒకటి ఇతడిని తప్పు వైపు లాగుతున్నదని అర్థం. ఆ లాగేది పరిచితమైన వాక్యమే. ప్రశ్నలు కూర్చేవారు తప్పు ఆప్షన్‌ను పుస్తకంలోని మాటలతోనే అల్లుతారు.

ఒక్కటీ వదలకపోవడం వెనక ఇంకో అలవాటూ ఉంది. పిల్లలు నీట్‌తో పాటు ఎప్‌సెట్ (వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష) కూడా రాస్తారు. అందులో 160 ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు, ఖాళీ వదిలితే అది చేతులారా పోగొట్టుకోవడమే. కొద్ది రోజుల తేడాతో రెండు పరీక్షలు రాసే పిల్లవాడికి రెండు వేర్వేరు చేతులు కావాలి. కాలేజీలో ఎవరూ ఆ తేడా కూర్చోబెట్టి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

చికిత్స మార్చడం

జనవరి నుంచి పేపర్లను వారానికి ఒకటికి తగ్గించాను. మిగిలిన రోజుల్లో రోజుకు 20 ప్రశ్నలే. కానీ ప్రతి ప్రశ్నకు మూడు తప్పు ఆప్షన్లు ఎందుకు తప్పో తెలుగులో ఒక్కో వాక్యం రాయాలి. సరైన జవాబు గుర్తించినా ఆ మూడు వాక్యాలు లేకపోతే తప్పు కిందే లెక్క. మొదటి పది రోజులు ఇది నరకంగా గడిచింది. 20 ప్రశ్నలకు రెండున్నర గంటలు పట్టేది, పక్క పిల్లలు అదే సమయంలో రెండు పేపర్లు ముగించేవారు.

తెలుగులో ఎందుకన్నది ఆలోచించే నిర్ణయించాను. ఇంగ్లిష్‌లో రాయమంటే పుస్తకం వాక్యమే చేతికి వస్తుంది, ఆ వాక్యమే కదా రోగం. తెలుగులో రాయాలంటే విషయాన్ని విప్పి మళ్లీ కట్టాలి. భాషను అడ్డంకి అనుకుని మొదలుపెట్టిన నేను చివరికి దాన్నే పనిముట్టుగా వాడుకున్నాను.

రెండో మార్పు తెల్ల కాగితం. పుస్తకం మూసి, ఒక ప్రక్రియను మొదటి నుంచి చివరి దాకా గీయాలి. జీవరసాయన భాగంతోనే మొదలుపెట్టాను, ఎందుకంటే అక్కడ లెక్క అబద్ధం ఆడదు. 23 వచ్చిన కాగితాన్నే మళ్లీ ఇచ్చి, ఏటీపీలు వదిలేసి కార్బన్లు లెక్కపెట్టమన్నాను. ఆరు కార్బన్ల గ్లూకోజ్, మూడు మూడుగా రెండు పైరువేట్లు. అక్కడ ఆగాడు. ఇంతసేపూ రెండో పైరువేట్‌ను సైటోప్లాజంలోనే వదిలేసి వచ్చానని అతడే కనిపెట్టాడు. రెండు పైరువేట్ల నుంచి రెండు కార్బన్ డయాక్సైడ్‌లు, క్రెబ్స్ వలయం రెండుసార్లు తిరిగితే నాలుగు, మొత్తం ఆరు కార్బన్లూ లెక్కకు వచ్చాయి. వలయం రెండు చుట్లు తిరగాలని పుస్తకం చెప్పినప్పుడు ఎక్కనిది, కార్బన్లు మిగిలిపోయినప్పుడు ఎక్కింది. 3నూ 12నూ రెండేసి సార్లు వేసి, 8కి ఆ 30 కలిపి 38 రాసి, ఈసారి గీత గీయకుండా నా వైపు చూశాడు.

ఈ లెక్క చెప్పేటప్పుడే మరో మాట చెప్పాల్సి వచ్చింది. కొన్ని పుస్తకాల్లో 36 ఉంటుంది, నేటి జీవరసాయన శాస్త్రం 30 నుంచి 32 అంటుంది. పరీక్షకు ఎన్సీఈఆర్టీ పాఠ్యపుస్తకం లెక్క, అంటే 38, అదే ప్రమాణం. పిల్లలను అయోమయంలో పడేయడం ఎందుకని చాలామంది ఇది దాస్తారు. నేను చెప్పాను, ఎందుకంటే ఆ సంఖ్య ఎక్కడినుంచి వస్తుందో తెలిసినవాడు అయోమయపడడు.

ఎంజైమ్ నిరోధానికి పోలిక అతడే తెచ్చాడు. కరీంనగర్ బస్సు సీట్లో కిటికీలోంచి కర్చీఫ్ వేయడం. కర్చీఫ్ ఉన్న సీట్లో ప్రయాణికుడు కూర్చోలేడు, కర్చీఫ్ ఎక్కడికీ ప్రయాణించదు. జనం తక్కువుంటే కర్చీఫ్‌లు సగం బస్సు ఆపేస్తాయి. జాతర జనం ఎక్కితే కర్చీఫ్‌ను ఎవడు లెక్కచేస్తాడు, బస్సు నిండుగానే కదులుతుంది. అంటే వీమాక్స్ (ఎంజైమ్ గరిష్ఠ వేగం) మారదు, కానీ సగం బస్సు నిండడానికి మామూలు కంటే ఎక్కువమంది జనం కావాలి, కేఎం (సగం వేగానికి కావలసిన గాఢత) పెరుగుతుంది. బాగుందని ఒప్పుకుని, ఇది ఎక్కడ తెగిపోతుందో కూడా చెప్పమన్నాను. రెండు రోజులకు జవాబు తెచ్చాడు: మలోనేట్ తనంతట తానే ఎంజైమ్ మీదికి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, కర్చీఫ్ తనంతట తాను లేవదు. ఆ జవాబు విన్న రోజు ఈ పిల్లవాడి గురించి నాకు భయం పోయింది.

పనిచేయనిదీ ఒకటుంది. ఇద్దరు చిన్న విద్యార్థులకు పాఠం చెప్పించాను. అతడు అచ్చం లెక్చరర్‌లా పుస్తకం అప్పజెప్పాడు, వాళ్లు తలలూపారు. రెండు వారాలకు మానేశాను.

పేపర్ ఏ భాషలో

ఫిబ్రవరిలో దరఖాస్తు నింపేటప్పుడు ఇంకో నిర్ణయం ఎదురైంది. తెలుగు ఎంచుకుంటే ప్రశ్నపత్రం తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలోనూ వస్తుంది. అనువాదంలో తేడా ఉంటే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది. మొదటిసారి అతడు ఇంగ్లిష్ మాత్రమే పెట్టుకున్నాడు, తెలుగు పెడితే తోటివాళ్లు నవ్వుతారని. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రోజు తండ్రి నా దగ్గరికి వచ్చి, డాక్టర్ చదువంతా ఇంగ్లిష్‌లోనే కదా, ఇప్పుడు తెలుగు పెడితే వెనక్కి పోయినట్టు కాదా అని అడిగాడు. న్యాయమైన సందేహం.

నా దగ్గర 22 తప్పు చదువుల లెక్క ఉంది కాబట్టి వాదన అక్కర్లేకపోయింది. ఒక పేపర్ ఇంగ్లిష్‌లో, ఇంకోటి నేను తెలుగు చేర్చి తయారుచేసింది, రెండూ రాయించాం. రెండో దాంట్లో తప్పు చదవడం వల్ల పోయింది ఒక్కటే. కానీ ప్రతి ప్రశ్నా రెండు భాషల్లో చదివి 11 నిమిషాలు ఎక్కువ తీసుకున్నాడు. 2025 నుంచి ఐచ్ఛిక ప్రశ్నలు తీసేసి, 180 ప్రశ్నలకు 180 నిమిషాలే అన్నారు, 11 నిమిషాలు చిన్న విషయం కాదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం: ప్రశ్న ఇంగ్లిష్‌లోనే చదవాలి, బబుల్ దిద్దేముందు తెలుగులో చివరి మాట ఒక్కటే చూడాలి, "సరైనది"యా "సరికానిది"యా అని. తెలుగు పెట్టుకున్నాడు.

చుక్క పెట్టిన ప్రశ్నలకూ ఒక నియమం. రెండు ఆప్షన్లను కారణం చెప్పి కొట్టేయగలిగితేనే జవాబు పెట్టాలి, "విన్నట్టుంది" అన్నది కారణం కాదు. ఎప్‌సెట్‌లో ఈ నియమం వర్తించదని ఆ కాగితం మీదే ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు.

ఫలితం, మిగిలిపోయిన లెక్క

మార్చి చివరికి పేపర్లలో 260 దాటాడు. 2025 మే 4న రాసిన నీట్‌లో కీ ప్రకారం జీవశాస్త్రంలో 74 ఒప్పు, 12 తప్పు, 4 ఖాళీ. 284. భౌతికశాస్త్రం ఆ ఏడాది అందరినీ ఏడిపించింది, ఇతడినీ వదల్లేదు. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో ఆఖరి విడతల్లో సీటు వచ్చింది.

కీ వచ్చిన రోజు ఆ 12 తప్పులు కూడా విప్పి చూశాం. తప్పుగా చదివినది ఒక్కటే. జీవరసాయనంలో ఒక్కటీ పోలేదు. కానీ 12లో 5 జంతు రాజ్యం, వృక్ష రాజ్యం పాఠాల్లోని లక్షణాలూ ఉదాహరణలూ. ఏ వర్గానికి ఏ ఉదాహరణ అన్నదానికి తెల్ల కాగితం మీద గీయడానికి ప్రక్రియ అంటూ ఏమీ ఉండదు, పొద్దున్నే లేచి పదే పదే వల్లెవేసుకోవడమే దారి. అతడికి ఆ అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది. జనవరిలో, బట్టీ మానెయ్యమని అన్ని పాఠాలకూ కలిపి ఒకే మాటగా చెప్పి, తెల్లవారుజామున అతడు గంటసేపు చేసుకునే ఆ వల్లెను మాన్పించింది నేనే.

ఆ ఐదు ప్రశ్నలను వేలితో చూపిస్తూ అతడు నిష్ఠూరం లేకుండానే అన్నాడు: "ఇవి డిసెంబర్ల నోటికొచ్చినయ్ సార్."